మన హాస్టల్‌కో కెమెరా



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మామూలుగా మేమంతా చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాస్తాం. ఈసారి నేను ఒక వస్తువు గురించి రాస్తున్నాను. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని హాస్టల్‌కు ఒక కెమెరా ఇవ్వాలనుకున్నాం. ఏది తీసుకోవాలో చూసి చెప్పే పని నా మీద పడింది. అది రీలు వేసే కెమెరా కావాలని, జేబులో పట్టేంత చిన్నది కావాలని, నొక్కితే చాలు ఎవరైనా తీయగలిగేలా ఉండాలని, జూమ్ కూడా ఉండాలని అన్నలు చెప్పారు. రెండు నెలలు దాని వెంట తిరిగాను. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి మీతో చెబుతాను. కెమెరా పట్టుకునేవాళ్లకే కాదు, ఫోటోలో నిలబడేవాళ్లకు కూడా ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి.

రీలు కెమెరా ఎందుకు?

"అందరి దగ్గరా సెల్ ఫోను ఉంది కదన్నా, ఇంకా రీలు కెమెరా ఎందుకు?" అని మొదట అడిగింది నేనే. దానికి జవాబు మన భోజనాల హాలు గోడ మీదే ఉంది. ఆ గోడకు నాలుగు గ్రూపు ఫోటోలున్నాయి. చివరిది 2004 నాటిది. దాని అట్ట మీద "గూడూరు, నెల్లూరు జిల్లా" అని ఉంది. గూడూరు తిరుపతి జిల్లాలో చేరింది 2022లో కాబట్టి, అట్ట ఎంత పాతదో ఆ జిల్లా పేరే చెబుతుంది. మరి 2004 తర్వాత ఈ హాస్టల్లో ఎవరూ చదవలేదా? వందల మంది చదివారు. మా బ్యాచ్ వాళ్లం సెల్లుల్లో లెక్కలేనన్ని ఫోటోలు తీసుకున్నాం. ఒకడి ఫోను పగిలింది, ఇంకొకడి నంబరు మారింది, మరొకడి మెమరీ కార్డు పోయింది. పదో తరగతి చివరి రోజు మా రూములో దిగిన ఫోటో ఇప్పుడు మాలో ఒక్కడి దగ్గర కూడా లేదు. సెల్లు వచ్చాక ఫోటోలు పెరిగాయి, గోడ మీద ఫోటోలు ఆగిపోయాయి.

సెల్లులో తీసిన ఫోటోను కూడా ప్రింటు వేయించొచ్చు. అది నిజమే. తక్కువ ఖర్చుతో అవుతుంది, ఫోటో కూడా బాగుంటుంది. కానీ మనం వేయించం. రేపు వేయిద్దాంలే అనుకుంటాం, ఆ రేపు రాదు. రీలు సంగతి వేరు. కడిగిస్తే గానీ అందులో ఏముందో తెలియదు కాబట్టి కడిగిస్తాం. కడిగించాక నెగటివ్ చేతికొస్తుంది. 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు ఉండే చిన్న ముక్క. దానికి చార్జింగు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు. ఎండకు ఎత్తి పట్టుకుంటే ముఖాలు కనిపిస్తాయి. ముప్పై ఏళ్ల తర్వాత ఏ కంపెనీ ఉన్నా పోయినా, వెలుతురుంటే చాలు.

కంపెనీలు పోతాయనే మాట ఊరికే అనలేదు. 1960లో ప్రభుత్వం స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఊటీలో "ఇందు" పేరుతో ఫిల్ము తయారుచేసేది. అది మూతబడింది. అంత పెద్ద కోడాక్ కూడా 2012లో దివాలా రక్షణ కోరింది. అయినా ఫిల్ము తయారీ ఆగలేదు. ఈ మధ్య కుర్రకారు మళ్లీ ఇష్టపడటంతో 2024లో పెంటాక్స్ కంపెనీ "పెంటాక్స్ 17" అనే కొత్త రీలు కెమెరానే తెచ్చింది. కాకపోతే దానికి జూమ్ లేదు, ధర మనకు అందదు. జూమ్ ఉన్న చిన్న రీలు కెమెరా కావాలంటే పాతదే వెతుక్కోవాలి.

మా ముందున్న మూడు కెమెరాలు

వెతకగా వెతకగా మూడు కెమెరాలు తేలాయి.

మొదటిది కోడాక్ కేబీ-10. ఇప్పుడు టీచరుగా చేస్తున్న ఒక అన్న ఇంట్లో ఉంది. రీలు కెమెరాల చివరి రోజుల్లో మన ఊళ్లలో పెళ్లిళ్లకు, తిరునాళ్లకు చాలామంది చేతుల్లో కనిపించింది ఇదే. టార్చిలైటులో వేసే మామూలు పెన్సిల్ సెల్సు చాలు. లెన్సు కదలదు, ఫోకస్ చేసే పని లేదు. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. కానీ జూమ్ లేదు.

రెండోది చెన్నైలో పాత కెమెరాలు అమ్మే ఒక షాపులో చూశాను. ఒలింపస్ మ్యూ జూమ్ 140. సబ్బుబిళ్ల లాగా నున్నగా, ముద్దుగా ఉంది. బటన్ నొక్కితే ముందున్న గొట్టం బుసకొడుతూ బయటికి వస్తుంది. 38 మిల్లీమీటర్ల నుంచి 140 దాకా జూమ్. ధర అయిదంకెలు చెప్పాడు. "టెస్ట్ చేయలేదు, గ్యారంటీ లేదు" అని కూడా అదే నోటితో చెప్పాడు. ఈ మ్యూ కుటుంబంలోనే జూమ్ లేని మ్యూ-2 అనేది 1997లో వచ్చింది. దానికి వచ్చిన పేరు వల్ల ఆ పేరున్న ప్రతి కెమెరాకూ ఇప్పుడు రేటు పెరిగింది.

మూడోది అనుకోకుండా దొరికింది. మా బ్యాచ్‌మేటు వాళ్ల పిన్ని చాలా ఏళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చింది. వచ్చేటప్పుడు తెచ్చిన కెమెరా ఒకటి ట్రంకు పెట్టెలో, చీరల అడుగున ఉందని చెప్పాడు. వెళ్లి చూశాం. 35 నుంచి 70 దాకా జూమ్ ఉన్న జపాన్ కెమెరా. ఈ రకం చిన్న జూమ్ కెమెరాలకు దారి చూపింది 1986 నాటి పెంటాక్స్ జూమ్-70. దానిదీ ఇదే కొలత, 35 నుంచి 70. పిన్ని దగ్గరున్నది ఆ తర్వాతి కాలానిది. నల్లగా, బరువుగా, ఇటుక ముక్కలా ఉంది. అందం లేదు.

హాస్టల్ పిల్లలకు మూడింటి ఫోటోలు చూపించి ఏది కావాలని అడిగితే ఒక్క గొంతుతో "140 అన్నా!" అన్నారు. 70 కంటే 140 రెట్టింపు కదా మరి.

రాకెట్ లెక్క

"140 ఉంటే రాకెట్ తీయొచ్చన్నా" అన్నాడు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు. షార్ నుంచి రాకెట్ ఎగిరినప్పుడల్లా మనం మిద్దె ఎక్కి చూస్తాం కాబట్టి ఆ కోరిక న్యాయమైనదే. అందుకే ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. లెక్క చాలా తేలిక. వస్తువు ఎత్తును లెన్సు కొలతతో గుణించి, దూరంతో భాగిస్తే నెగటివ్ మీద ఆ వస్తువు ఎంత పడుతుందో వస్తుంది.

2023 జూలై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు. గూడూరు నుంచి శ్రీహరికోట ప్రయోగ వేదిక నేరుగా కొలిస్తే సుమారు 60 కిలోమీటర్లు. 140 దగ్గర తీస్తే నెగటివ్ మీద రాకెట్ ఎత్తు 0.1 మిల్లీమీటరు. మనం వేయించే ఆరంగుళాల ప్రింటు నెగటివ్ కంటే నాలుగు రెట్లకు కాస్త పైన పెద్దది. అందులో రాకెట్ అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెనకాల పొగ మాత్రం పడుతుంది, అది 35 తో తీసినా పడుతుంది. నేలపట్టు గూడబాతులదీ అదే కథ. వంద మీటర్ల దూరంలో ఉన్న 1.3 మీటర్ల పక్షి 140 తో తీసినా ప్రింటులో 8 మిల్లీమీటర్లకు మించదు.

తమ్ముడు లెక్క చూసి కాసేపు నోట్‌బుక్ వైపే చూశాడు. "అయితే జూమ్ దేనికన్నా?" అన్నాడు. ఈ రెండు నెలల్లో నన్ను ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అది.

వెనక వరస లెక్క

హాస్టల్ కెమెరా తీయాల్సింది రాకెట్‌ను కాదు, ముఖాలను. కాబట్టి అదే లెక్క ముఖానికి వేశాం.

వంద మందిని వరసకు ఇరవై మంది చొప్పున నిలబెడితే వరస వెడల్పు 9 మీటర్లు అవుతుంది. 38 లెన్సుతో అందరూ పట్టాలంటే కెమెరా తొమ్మిదిన్నర మీటర్ల దూరంలో ఉండాలి. అప్పుడు ఆరంగుళాల ప్రింటులో ఒక ముఖం వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. ఆవగింజంత. గోడ మీది 2004 ఫోటోలో చివరి వరస ఎవరో గుర్తుపట్టలేకపోవడానికి కారణం ఇదే. ప్రింటు పెద్దదే అయినా, నెగటివ్ మీద ఆ ముఖం ఎంత పడిందో అంతకు మించిన వివరం ప్రింటులోకి రాదు.

అదే పదిమందిని, రూము వారీగా, అయిదుగురు ముందు, అయిదుగురు వెనక నిలబెట్టి తీస్తే? వెడల్పు రెండున్నర మీటర్లే. ప్రింటులో ముఖం 9 మిల్లీమీటర్లు వస్తుంది. చిటికెన వేలి గోరంత. కళ్లు, నవ్వు, నుదుటి మీది గాటు అన్నీ తెలుస్తాయి.

ఇక్కడే జూమ్ పని మొదలవుతుంది. ఆ పదిమందిని 35 తో తీయాలంటే కెమెరా రెండున్నర మీటర్ల దగ్గరికి రావాలి. 70 తో అయితే అయిదు మీటర్లు వెనక్కి వెళ్లాలి. రెండింటిలోనూ ముందు వరస ముఖం ఒకే సైజు వస్తుంది. తేడా వెనక వరసలో ఉంది. వెనక వరస వాళ్లు ముక్కాలు మీటరు వెనక ఉన్నారనుకోండి. కెమెరా దగ్గరున్నప్పుడు వెనకవాడి ముఖం ముందువాడి ముఖంలో సుమారు మూడొంతులే పడుతుంది, అంటే నూటికి 77. పైగా చివర నిలబడ్డవాడి ముఖం పక్కకు సాగినట్టు ఉంటుంది. కెమెరా వెనక్కి జరిగి 70 తో తీస్తే వెనకవాడి ముఖం నూటికి 87 దాకా వస్తుంది. సాగడం కూడా తగ్గుతుంది.

అంటే మనకు జూమ్ దూరంగా ఉన్నదాన్ని లాక్కొచ్చే తాడు కాదు. ముందున్నవాడికీ వెనకున్నవాడికీ మధ్య తేడా తగ్గించే పనిముట్టు. ఈ మాట తమ్ముడికి చెప్పగానే "అయితే పొట్టోళ్లను ముందు కూర్చోబెట్టక్కర్లేదా అన్నా" అన్నాడు. వాడు ఎప్పుడూ ముందు వరసలో కింద కూర్చునేవాడే. "కూర్చోబెట్టాల్సిందేరా, లేకపోతే అసలు కనిపించవు" అన్నాను.

వెలుతురు లెక్క

మరి 140 ఇంకా మంచిది కదా అంటే, కాదు. లెన్సు చుట్టూ ఉండే చిన్న అంకెలు చూడాలి. చాలామంది వాటిని చదవరు, షాపువాడు చెప్పడు. మ్యూ 140 మీద 1:4-11 అని ఉంటుంది. పిన్ని కెమెరా మీద 1:4-7.6 అని ఉంది. మొదటి అంకె జూమ్ లోపల ఉన్నప్పుడు, రెండోది పూర్తిగా బయటికి వచ్చినప్పుడు. అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు. ఆ తగ్గడం వర్గం లెక్కన ఉంటుంది. 4 నుంచి 11 కి వెళితే లోపలికి వచ్చే వెలుతురు ఏడున్నర రెట్లు తగ్గిపోతుంది. 7.6 కి వెళితే మూడున్నర రెట్లు తగ్గుతుంది.

మన రూముల్లో ఒక్కటే ట్యూబులైటు. 400 స్పీడు రీలు వేసినా, ఆ వెలుతురులో 11 దగ్గర షట్టరు సుమారు అర సెకను తెరుచుకుని ఉండాలి. అర సెకను చెయ్యి కదలకుండా పట్టుకోవడం ఎవరి వల్లా కాదు, పదిమంది కుర్రాళ్లు కదలకుండా ఉండటం అసలే కాదు. 4 దగ్గర అయితే సెకనులో పదహారో వంతు. గోడకు ఆనుకుని జాగ్రత్తగా తీస్తే బయటపడొచ్చు.

ఫ్లాష్ ఉంది కదా అంటారా? ఫ్లాష్‌కూ ఇదే లెక్క. 100 స్పీడు రీలుకు గైడ్ నంబరు 12 ఉన్న చిన్న ఫ్లాష్ అనుకుందాం. 400 రీలు వేస్తే అది 24 అవుతుంది. దాన్ని లెన్సు అంకెతో భాగిస్తే ఎంత దూరం అందుతుందో వస్తుంది. 4 దగ్గర 6 మీటర్లు. 7.6 దగ్గర 3 మీటర్లకు కాస్త పైన. 11 దగ్గర రెండు మీటర్లకు కాస్త పైన. అంటే జూమ్ లాగేకొద్దీ మనిషి దూరంగా ఉంటాడు, ఫ్లాష్ దగ్గర్లోనే ఆగిపోతుంది. రాత్రిపూట జూమ్ లాగి తీసిన ఫోటోల్లో ముఖాలు నల్లగా రావడానికి కారణం ఇది.

ఈ లెక్కలన్నీ కలిపితే తేలింది ఇది. రూములో తీసేటప్పుడు జూమ్ ముట్టుకోకూడదు, ఫ్లాష్ వేసి 35 తో తీయాలి. గ్రూపు ఫోటో పొద్దున పూట వరండా బయట నీడలో తీయాలి, అప్పుడు 70 కి వెళ్లొచ్చు. ఈ రెండు పనులూ 35-70 తో అయిపోతాయి. 70 దాటిన జూమ్‌కు మన హాస్టల్లో పనిలేదు. కేబీ-10 రూముకు చాలు గానీ, వెనక వరస విషయంలో దాని వల్ల కాదు.

కొనేముందు చూడాల్సినవి

పాత కెమెరా కొనే తమ్ముళ్ల కోసం నాలుగు ముక్కలు.

ముందు బ్యాటరీ మూత తీసి చూడండి. ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే వదిలేయండి. ఇలాంటి వాటికి చాలావరకు సీఆర్-123ఏ అనే 3 వోల్టుల లిథియం బ్యాటరీ పడుతుంది. అది కిరాణా కొట్లో దొరికేది కాదు, దాని ధర కూడా లెక్కలో వేసుకోవాలి. తర్వాత వెనక తలుపు తెరిచి, ఫ్లాష్ ఆపి, ఖాళీగా నొక్కుతూ లెన్సులోంచి వెలుతురు మెరుస్తుందో లేదో చూడండి. జూమ్ లోపలికీ బయటికీ పదిసార్లు తిప్పండి, మధ్యలో ఆగకూడదు. చివరగా టార్చి వేసి లెన్సు లోపల చూడండి. సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు. సముద్రపు గాలి తగిలే మన వైపు అది తొందరగా పడుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి. గాజు తయారీకి వాడే తెల్ల సిలికా ఇసుకను మన చిల్లకూరు, కోట మండలాల్లోనే తవ్వుతారు. ఊరి ఇసుక లారీల్లో వెళ్లిపోతుంది, మనం మాత్రం గాజు లెన్సుకు బూజు పట్టకుండా కాపాడుకోవడం నేర్చుకోవాలి.

ఇంకో సంగతి. ఈ కెమెరాలు చట్రం మధ్యలో ఏది ఉంటే దాని మీద ఫోకస్ చేస్తాయి. ఇద్దరు స్నేహితులు పక్కపక్కన నిలబడితే వాళ్ల మధ్య సందులోంచి వెనక గోడ మీద ఫోకస్ పడుతుంది, ఇద్దరూ మసకగా వస్తారు. ఒకడి ముఖాన్ని మధ్యకు తెచ్చి, బటన్ సగం నొక్కి పట్టుకుని, మళ్లీ సరిచేసుకుని పూర్తిగా నొక్కాలి. అదొక్కటి నేర్చుకుంటే సగం ఫోటోలు బాగుపడతాయి.

పిన్ని కెమెరాకు వెనక తేదీ ముద్రించే ఏర్పాటు ఉంది. కానీ అందులో సంవత్సరాలు 2019తో అయిపోయాయి. కాబట్టి తేదీ ఆపేసి, ప్రింటు వెనక పెన్సిల్‌తో రాయాలని నిర్ణయించుకున్నాం. ఆ రాసేటప్పుడే అందరి పేర్లూ రాస్తాం. పేర్ల గురించి కొంచెం చెప్పాలి.

పేరు లేని ఫోటోలు

పీజీ లైబ్రరీలో ఎడ్గార్ థర్‌స్టన్ పుస్తకం తిరగేశాను. ఆయన మద్రాసు మ్యూజియం అధికారి. దక్షిణ భారత కులాలు, తెగల మీద కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. మన వైపు యానాదుల గురించి కూడా అందులో ఉంది. ఫోటోలున్నాయి. మనుషులు కెమెరా వైపు చూస్తూ ఉంటారు. చాలా ఫోటోల కింద కులం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. అదే కాలంలో హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ తీసిన రాజుల, నవాబుల ఫోటోలకు పేర్లున్నాయి, బిరుదులు కూడా ఉన్నాయి. కెమెరా ఒకటే, రాత వేరు.

అది వందేళ్ల కిందటి సంగతి అనుకోవద్దు. మా తాతకు జీవితంలో ఉన్న ఒకే ఒక్క ఫోటో ఓటరు కార్డు మీదిది. ఆయన పోయాక స్టూడియోలో దాన్నే పెద్దది చేయించి పటం కట్టించాం. పెద్దది చేసేసరికి ముఖం మసకబారింది. మా ఇంట్లో డిగ్రీ గౌను వేసుకుని ఫోటో దిగినవాణ్ని నేనే మొదటివాణ్ని. ఆ ఫోటో పక్కన తాత పటం పెడితే, ఇద్దరం ఒకే ఇంటివాళ్లమని ముఖం చూసి చెప్పడం కష్టం. మీలో చాలామంది ఇళ్లలో పరిస్థితి ఇంతేనని నాకు తెలుసు. మనకు ఫోటో అంటే స్కాలర్‌షిప్ ఫారానికి అంటించే పాస్‌పోర్టు సైజు ముక్క. ఎవరో అడిగితే తీయించుకున్నది. మన కోసం మనం తీసుకున్నది తక్కువ.

భోజనాల హాలు గోడ మీది నాలుగు ఫోటోలను మళ్లీ చూశాను. వార్డెన్ సార్లు కుర్చీల్లో ఉన్నారు, ట్యూటర్లు ఉన్నారు, విద్యార్థులున్నారు. నాలుగింటిలోనూ వంట మనిషి లేడు, కామాటి లేడు, వాచ్‌మన్ లేడు. కావాలని ఎవరూ తీసేసి ఉండరు. ఫోటో తీసే వేళకు వాళ్లు వంటగదిలో ఉండి ఉంటారు. మనకు పొద్దున్నే అన్నం వండాలి కదా.

ఏది తీసుకున్నాం?

పిన్ని కెమెరా తీసుకున్నాం. బ్యాటరీ వేసి, ఒక రీలు పరీక్షకు వాడి, చెన్నై పంపించి కడిగించాం. మేం అడిగిన ఊళ్లోని స్టూడియోల్లో ఇప్పుడు రీలు కడగడం లేదు. ఒక స్టూడియో పెద్దాయన మాత్రం కెమెరా చేతిలోకి తీసుకుని, వెనక తలుపు తెరిచి, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "లెన్సు శుభ్రంగా ఉండాది అబ్బయ్యా, వాడుకోండి" అన్నాడు. 36 లో 33 ఫోటోలు బాగా వచ్చాయి.

ధర ఎంతని అడిగితే పిన్ని ఒప్పుకోలేదు. "నాకేం డబ్బులొద్దబ్బయ్యా. ఆ దేశంలో వాళ్ల పిల్లోళ్ల ఫోటోలు దీంతో ఎన్ని తీశానో లెక్కలేదు. మన పిల్లోళ్లవి తీయండి, ఒకటి నాకూ ఇవ్వండి" అంది. మొదటి రీలులో మొదటి ఫోటో ఆమెదే తీశాం. కెమెరా ఎప్పుడూ తన చేతిలోనే ఉండటం వల్ల, కువైట్‌లో ఉన్న అన్నేళ్లలో ఆమె ఫోటో ఒక్కటి కూడా దాంట్లో పడలేదట.

కెమెరాకు పెట్టాలనుకున్న డబ్బు మిగిలింది కాబట్టి దాన్ని రీళ్లకు పక్కన పెట్టాం. రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించేసరికి రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది. అందుకే ఏడాదికి ఒక్క రీలే. 36 ఫోటోలను ఇలా పంచుకున్నాం. పది రూములకు రెండేసి చొప్పున 20. వెళ్లిపోయే పదో తరగతి వాళ్లకు 6. వార్షికోత్సవానికి 4. వంట మనిషికి, కామాటికి, వాచ్‌మన్‌కు, వార్డెన్ సారుకు ఒక్కొక్కటి చొప్పున 4. పొరపాట్లకు 2. రూముకు రెండు ఎందుకంటే, ఒకదాంట్లో ఎవడో ఒకడు కళ్లు మూస్తాడు. గ్రూపు తీసేవాడు తర్వాత తను వెళ్లి వరసలో నిలబడాలి, రెండో ఫోటో ఇంకొకడు తీయాలి. అప్పుడు తీసినవాడు కూడా మిగిలిపోడు.

తమ్ముళ్లకు నా మనవి. ఫోటో వెనక పూర్తి పేరు, ఊరు, తరగతి రాయండి. ముద్దుపేరు రాయొద్దు, ఇరవై ఏళ్ల తర్వాత "బుజ్జిగాడు" ఎవడో ఎవరికీ తెలియదు. పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే ముందువైపు గీతలు పడతాయి, మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. నెగటివ్‌లను రబ్బరు బ్యాండుతో చుట్టొద్దు, కాగితం కవర్లో పెట్టి ఆఫీసు బీరువాలో రిజిస్టరు పక్కన ఉంచండి.

అన్నలకు ఒక మనవి. గోడ మీది 2004 ఫోటోలో చివరి వరసలో పదిహేడు మంది ఉన్నారు. పదకొండు మందిని గుర్తుపట్టాం. ఎడమ నుంచి రెండు, అయిదు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేడో స్థానాల్లో ఉన్నవాళ్లు ఎవరో ఇంకా తేలలేదు. ఆ బ్యాచ్ వాళ్లు వార్షికోత్సవానికి వస్తే భోజనానికి ముందు ఒక్కసారి గోడ దగ్గరికి రండి. పెన్సిల్, చార్టు అక్కడే ఉంటాయి.

– పూర్వ విద్యార్థి, గూడూరు